నడవకుండానే తెలిసిన దూరం

ఆ ఊరి పటం అడుగున ఐదు పేర్లు అచ్చై ఉంటాయి. కొలిచిన సర్వేయరు, సరిచూసిన అధికారి, గీసిన డ్రాఫ్ట్స్‌మన్, ఆమోదించిన పైఅధికారి, చివర అచ్చు వేయించినాయన. ఆ ఊళ్ళో ప్రతి సందు పొడవునా, ప్రతి మురుక్కాలవ గట్టు వెంబడీ గొలుసు ఈడ్చుకుంటూ నడిచిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అతను ఇరవై తొమ్మిదేళ్ళు చైన్‌మన్‌గా చేశాడు. నేల కొలిచే గొలుసు మోసే ఉద్యోగం అది. సర్వేయరు గొడుగు కింద నిలబడి "ఎంతా?" అంటాడు. ఇతను ఎండలో నిలబడి "ఏడు గొలుసులా పదకొండున్నర!" అని అరుస్తాడు. సర్వేయరు రాసుకుంటాడు. రాసుకున్న క్షణం నుంచీ ఆ కొలత సర్వేయరుదే.

మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టే దుర్భిణి యంత్రాన్ని భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కించేవాడూ ఇతనే. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒకసారి, అందులోంచి చూస్తే ఏం కనబడుతుందోనని వంగబోయాడు. "ఒరేయ్, నువ్వు కన్ను పెట్టకు, అద్దం మసకబారుతుంది" అన్నాడు సర్వేయరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇతనూ వాళ్ళతోపాటు నవ్వేశాడు. ఇంటికొచ్చి భార్యకి కూడా చెప్పుకోలేదు. మిగతా ఇరవై ఎనిమిదేళ్ళ చిల్లరలో మళ్ళీ వంగలేదు.

కొట్టారా, తిట్టారా, దీన్ని కూడా అన్యాయం అంటారా అని అడిగేవాళ్ళుంటారు. అంటాను. ఒక మనిషికి తెలిసిన విద్యని అన్నేళ్ళు వాడుకుని, అది విద్య కాదు ఒట్టి మోతేనని అతన్నే నమ్మించారు. దీనికి అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

శాటిలైటుతో మాట్లాడే యంత్రాలొచ్చాక గొలుసుల్ని ఆఫీసు వెనక షెడ్డులో పారేశారు. రిటైరైన రోజున అతను ఒక గొలుసునీ పది బాణాలనీ అడిగి తెచ్చుకున్నాడు. ఇరవై మీటర్ల గొలుసు. జానెడేసి ఇనప కడ్డీలు వంద, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండు చివర్లా ఇత్తడి పిడులు, ఐదేసి మీటర్లకి ఒక ఇత్తడి బిళ్ళ. బిళ్ళకున్న పళ్ళని వేలితో తడిమితే చాలు, ఎక్కడున్నాడో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. ఇక బాణాలంటే విల్లుతో వేసేవి కావు. గొలుసు పొడవు పూర్తైన చోటల్లా నేలలో గుచ్చే ఇనప చువ్వలు. తల ఉంగరంలా వంచి, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంటుంది.

అతని భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ ఆ గొలుసుని మూడు వరసలుగా డాబా మీద కట్టించి బట్టలారేసుకోవడం మొదలుపెట్టింది. "తాడైతే జారుతుంది, ఇది జారదు. మీ మొత్తం సర్వీసులో ఇంటికి పనికొచ్చిన వస్తువు ఇదొక్కటే" అనేది. అతను కాదనేవాడు కాదు.

రోజూ పొద్దున నడకకి పోయే దారిలో ఒక బడి ఉంది. ఇనప కమ్మీల ప్రహరీ కాబట్టి గ్రౌండు మొత్తం కనిపిస్తుంది. ఒకరోజు ఏడో తరగతి పిల్లలు నలభై మంది దాకా గ్రౌండులో గోలగోలగా ఉన్నారు. మధ్యలో లెక్కల టీచరమ్మ, వయసులో చిన్నావిడ, గుడ్డ టేపు పట్టించి ఏదో కొలిపిస్తోంది. అతను ఆగాడు. వెళ్ళిపోదామనుకున్నాడు. కమ్మీల దగ్గరికి వచ్చి కేకేశాడు.

"అమ్మా! టేపు కడుపు వేలాడుతోంది!"

టీచరమ్మ తిరిగి చూసింది. "ఏంటండీ?"

"టేపండీ. మధ్యలో కడుపు జారింది. అలా కొలిస్తే మీ గ్రౌండు లేని పొడుగు సంపాదించేస్తుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. "తాతా, కడుపు మీరొచ్చి పట్టుకోండి మరి!" అని ఒక గొంతు లేచింది. టీచరమ్మ నవ్వలేదు. కమ్మీల దగ్గరికి వచ్చి, "మీరేం చేసేవారు?" అని అడిగింది.

"గొలుసు లాగేవాణ్ణమ్మా. కొలత పని."

ఆవిడ అక్కడే తన గోడు వెళ్ళబోసుకుంది. మొన్న పరీక్షలో తరగతి గది వైశాల్యం అడిగితే ఒకడు నలభై వేల చదరపు మీటర్లని రాశాడట. సున్నాలు ఎక్కువైనందుకు బాధ లేదు. ఆ జవాబు బోర్డు మీద రాసి, ఎలా ఉందని అడిగితే ఒక్కరికీ తేడా తెలియలేదట. "అంత గదిలో విమానాలు నిలబెట్టొచ్చండీ. ఒక్కళ్ళకీ నవ్వు రాలేదు. సూత్రం మాత్రం నలభై ఒక్కమందీ గడగడా అప్పజెప్పారు. నాకు భయం వేసింది" అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు నావే. వస్తారా?" అని అడిగింది.

ఇంటికొచ్చి డాబా ఎక్కి గొలుసు విప్పుతుంటే భార్య కింద నుంచే కేకేసింది.

"ఏమండోయ్, ఏం చేస్తున్నారక్కడ?"

"గొలుసు కావాలే. బళ్ళో పాఠం చెప్పాలి."

మిషను ఆగిపోయింది. "మీరా? పాఠమా? ఐదో తరగతి దాటలేదు, ఏడో తరగతికి చెబుతారా?"

"నేను చెప్పనులే. గొలుసు చెబుతుంది."

"సరే, తడిబట్టలన్నీ మీ మెడలో వేసి ఎండలో నిలబెడతాను, అదీ చెప్పండి పిల్లలకి" అంది. అన్నదే గానీ, బట్టలు తనే తీసి, గొలుసు మీది దుమ్ము తుడిచి, సంచీలో పెట్టి ఇచ్చింది.

మొదటి శుక్రవారం అతను రాగానే గొలుసు బయటికి తీయలేదు. గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి, "ఇక్కణ్ణుంచి ఆ నీళ్ళ ట్యాంకు దాకా ఎంత దూరమో చూసి చెప్పండి. ఎవరిది వాళ్ళు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి" అన్నాడు. చీటీలు విప్పితే పన్నెండు మీటర్ల నుంచి ఐదొందల దాకా ఉన్నాయి. తర్వాత అంగలేసి కొలిపించాడు. ఆ తర్వాతే గొలుసు. అరవై మూడు మీటర్లొచ్చింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, ఎర్రసిరా తగలలేదు. "తాతా, నాది కరెక్టేనా?" అని ఎవరడిగినా ఒకటే మాట: "నన్నెందుకు అడుగుతావు, నేలని అడుగు." నాలుగో శుక్రవారానికి ఆ పిల్లలు దూరాన్ని ఊరికే చూసి రెండు మూడు మీటర్ల తేడాలో చెప్పేస్తున్నారు. టీచరమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఏ పుస్తకంలోనూ లేని ఒక ఇంద్రియం నలభై ఒక్కమందికి మొలిచినట్టు అనిపించింది ఆవిడకి.

తరగతిలో ఒక పిల్లని అందరూ 'కునుకు' అంటారు. ఆఖరి బెంచీలో నిద్రపోతుంది కాబట్టి. ఎందుకు నిద్రపోతుందో అడిగినవాళ్ళు తక్కువ. తెల్లారకముందే లేచి తల్లితో కలిసి ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసి బడికొస్తుంది. అంగలతో కొలిచిన రోజున ఆ పిల్ల గొలుసు పక్కన పదిసార్లు అటూ ఇటూ నడిచి, "తాతా, గొలుసుకి నావి ముప్పై మూడు అంగలు" అంది.

"పదిసార్లూ?"

"తొమ్మిదిసార్లు. ఒకసారి ముప్పై నాలుగు, మధ్యలో వీడు నవ్వించాడు. మా పాల లైను మొత్తం రెండు వేల నాలుగొందల అంగలు. అంటే..." కళ్ళు పైకెత్తి కాసేపు ఎవరికీ వినబడకుండా గొణుక్కుంది. "డెబ్బై రెండు గొలుసుల పైన. కిలోమీటరు నాలుగొందలు దాటుతుంది."

రోజూ తన లైనులోని అంగలు ఎవరూ చెప్పకుండా లెక్కపెట్టుకునే పిల్ల! ఆ పిల్ల లెక్కల్లో మూడు యూనిట్ పరీక్షలు తప్పింది. అతను గొలుసు పిడి ఆమె చేతికిచ్చి, "ఇవాళ్టి నుంచి వెనక కొస నీది" అన్నాడు. వెనక కొస పట్టుకునేవాళ్ళ పని తేలిక కాదు. ముందు కొసవాళ్ళు గొలుసు పూర్తైన చోటల్లా ఒక బాణం గుచ్చుకుంటూ పోతుంటే, వెనకవాళ్ళు ఆ బాణాలు ఏరుకుంటూ రావాలి. చివర్లో వాళ్ళ చేతిలో ఎన్ని బాణాలుంటే అన్ని గొలుసుల దూరం. ఒక్క బాణం పోతే ఇరవై మీటర్ల నేల మాయమైపోతుంది.

మూడు నెలలు అలా నడిచింది. అంతలో ఎవరో తండ్రి పైకి ఉత్తరం రాశాడు, పిల్లల్ని ఎండలో గొలుసులు లాగిస్తున్నారని, చదువురాని మనిషితో పాఠం చెప్పిస్తున్నారని. హెడ్మాస్టరు మంచాయనే గానీ పై నుంచి కాగితమొస్తే చెమట పడుతుంది. "అమ్మా, పాఠం బాగుందా అని వాళ్ళడగరు. ఈయనెవరు అని అడుగుతారు. నేనేం చెప్పను? వచ్చే శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. ఆయన సరే అని రాస్తే సరి. లేదంటే ఇక శుక్రవారాల్లేవు" అని టీచరమ్మతో తేల్చేశాడు.

ఆ మాట విన్నాక అతను గొలుసునీ బాణాలనీ ముందేసుకుని కూర్చున్నాడు. భార్య చూసింది. బాణాల పాత పీలికలు ఊడదీసి, పదింటికీ కొత్త ఎర్రగుడ్డ కట్టింది. "ఆఫీసరు కళ్ళకి ఆనాలిగా" అంది.

నిజంగానే ఆనాయి.

గ్రౌండుకి నాలుగు భుజాలు, ఏ రెండూ సమానం కావు. నాలుగు భుజాలనీ, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఒక అడ్డగీతనీ పిల్లలు అంతకుముందే కొలిచి, సెంటీమీటరుకి పది మీటర్ల చొప్పున చార్టు మీద గీసి ఉంచారు. మిగిలింది రెండో అడ్డగీత. టీచరమ్మ ఇన్‌స్పెక్టరుతో, "దీన్ని మేం ఎప్పుడూ కొలవలేదు సార్. ఒక జట్టు వరండాలో కూర్చుని కాగితాన్ని అడుగుతుంది. ఇంకో జట్టు నేలని అడుగుతుంది" అంది.

"రెండూ కలవకపోతే?"

"పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది సార్."

ఆయన పెదవి విరిచి గ్రౌండులోకి నడిచాడు.

కునుకు వెనక కొస పట్టుకుంది. రెండు బాణాలు ఏరుకుని మూడోదాని దగ్గర పిడి ఆనించి కూర్చుంది. ముందు నుంచి నాలుగోది గుచ్చిన కేక వినబడింది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఏ క్లాసమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకుని, "ఏడు సార్" అంది. ముందున్నవాళ్ళు గొలుసు గుంజారు. అంతే, పిడి పట్టుకుని పరుగు తీసింది. ఆయన కిందికి చూశాడు. గడ్డిలో నిటారుగా ఇనప చువ్వ, దానికి ఎర్రగుడ్డ. పిల్లల కాళ్ళకి దిగుతుందేమోననుకుని వంగి పీకేసి, గోడ వారగా పెట్టి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

చైన్‌మన్ చూశాడు. మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

కొలత ముగిసింది. కునుకు చేతిలో నాలుగు బాణాలు, పైన పన్నెండు మీటర్లు. "తొంభై రెండు!" అని అరిచారు. వరండా జట్టు మడిచిన చీటీ విప్పింది. స్కేలు మీద పదకొండు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. నూటపన్నెండు.

హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చిన్నగా నవ్వి, "మరి ఏది రైటు?" అన్నాడు. వరండావాళ్ళు నేలవాళ్ళని, నేలవాళ్ళు వరండావాళ్ళని దుమ్మెత్తి పోసుకున్నారు. "మీ పెన్సిలు ములికి లావు!" "ఇరవై మీటర్ల లావా? నీ మొహం!" టీచరమ్మ చైన్‌మన్ వైపు చూసింది. అతను చేతులు వెనక్కి పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"ఆగండి" అంది కునుకు. "ఇరవై. కరెక్టుగా ఇరవై తేడా. పందొమ్మిది కాదు, ఇరవై ఒకటి కాదు." తన చేతిలోవి చూసుకుంది. ముందు కొసవాడి చేతిలోవి లెక్కపెట్టింది. నాలుగూ ఐదూ. "తొమ్మిదే ఉన్నాయి. బయల్దేరినప్పుడు పది."

"ఒకటి నువ్వే పారేశావు" అన్నారెవరో. "మళ్ళీ కునుకు తీసింది!"

ఆ పిల్ల గీత మొదటికి వెళ్ళి అంగలేస్తూ బయల్దేరింది. ముప్పై మూడు అంగలకి ఒంగి గడ్డి పక్కకి తోసింది. చిన్న గుంట, బాణం గుచ్చిన గుంట. మళ్ళీ ముప్పై మూడు, ఇంకో గుంట. నలభై మందీ వెనకాలే నడిచారు. మూడు. నాలుగు. ఐదు. ఐదో గుంట మీద వేలు పెట్టి పైకి చూసింది.

"బాణాలు నాలుగే దొరికాయి. నేల మాత్రం ఐదంటోంది."

ఇన్‌స్పెక్టరు గబగబా గోడ దగ్గరికి నడిచి, ఎర్రగుడ్డ చువ్వ పట్టుకుని వచ్చాడు. "నేనే తీశానమ్మా. కాళ్ళకి గుచ్చుకుంటుందేమోనని." బాణం ఆ పిల్ల చేతికిచ్చాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి, చార్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గీత మీద తనే స్కేలు పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు.

"ఇది గీసేటప్పటికి ఈ దూరం ఎవరూ నడవలేదు కదా. కాగితానికెలా తెలిసింది?"

వరండా జట్టులోని ఒక పిల్లాడు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు. "ఐదు గీతలు బిగుసుకున్నాక ఆరోది ఎక్కడికి పోతుంది సార్? దానికింకో దారి లేదు."

చైన్‌మన్ వేల గీతలు నడిచాడు. నడవని గీత కూడా నడిచినవాటిలోనే దాగి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ చార్టుని వంగి చూశాడు. ఎవరూ వద్దనలేదు. చాలాసేపు చూశాడు.

ఇంతా చూశాక కూడా ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరు గదిలో కూర్చుని నివేదికలో రెండు ముక్కలు రాశాడు. ఇలాంటి పాఠం తన సర్వీసులో చూడలేదన్నది మొదటిది. నియామకం లేని మనిషి బడి ఆవరణలో తరగతి నడపడానికి వీల్లేదన్నది రెండోది. "చూసింది రాశాను. రూలు మార్చడం నా చేతుల్లో లేదు" అన్నాడు. చైన్‌మన్ తల ఊపి గొలుసు మడవడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర గుమిగూడిన పిల్లల్లోంచి కునుకు గొంతు వినబడింది.

"సార్, తాత లోపలికి రాకూడదు, అంతేనా? మేం బయటికి వెళ్ళొచ్చా?"

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "వెళ్ళొచ్చు. టీచరు వెంట ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళు అనుమతి చీటీ మీద సంతకం పెట్టాలి."

"అయితే వీధి కొలుస్తాం సార్."

ఆ సాయంత్రం భార్య అంతా విని, "ఆయన పీకుతుంటే చూశారుగా, ఎందుకు చెప్పలేదు?" అని నిలదీసింది.

"పిల్లలు పట్టుకుంటారో లేదో చూద్దామని." గొలుసు సర్దుతూ, "ఆఫీసరు ముందు నోరు పెగల్లేదు కూడా" అన్నాడు.

"రెండిట్లో ఏది నిజం?"

"రెండూ."

"ఆ పిల్లని దొంగని చేస్తుంటే కూడా పెగల్లేదా?" అంది. మర్నాడు తమ ఇంటికి పాల ప్యాకెట్ వేసే వేళకి అతను గుమ్మంలో నిలబడి కునుకుతో, "నేను చూశానమ్మా. అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. ఆ పిల్ల ప్యాకెట్ అందిస్తూ, "చెబితే గుంటలు వెతికేదాన్ని కాదు కదా తాతా" అని మెట్లు దిగిపోయింది.

తర్వాతి శుక్రవారం గేటు బయట గొలుసు పరుచుకుంది. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దిగి నడిపించుకుపోయారు. ముప్పై ఆరుమంది పిల్లలు వీధి కొలిచారు. ముప్పై ఆరే, ఎందుకంటే చీటీలు అన్నే వచ్చాయి. మిగతా ఐదుగురూ కమ్మీలు పట్టుకుని లోపలే నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు, ఐదు గీతలు బిగుసుకుంటే ఆరోదానికి దారి లేదని చెప్పిన పిల్లాడు. వాళ్ళింట్లో ఆ చీటీ చదవకుండానే, ఇలాంటివన్నీ దండగ, చదువు పాడవుతుంది అన్నారట. చైన్‌మన్ ఆ వీధి పొడవు చెప్పేటప్పుడల్లా కమ్మీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వినబడేలా గట్టిగా చెప్పాడు.

ఇది చదువుతున్న మిమ్మల్ని అడిగేది ఒకటే. మీ పిల్లల సంచీలో ఇలాంటి చీటీ ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే చదివి సంతకం పెట్టండి. లేకపోతే మీ బడికి వెళ్ళి, ఎందుకు లేదని హెడ్మాస్టరుని అడగండి. మీ వీధిలో గోడ కట్టడమో, పైపు బిగించడమో, బట్ట కత్తిరించడమో తెలిసినవాళ్ళుంటే వాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. ఒక్కరే వెళితే చూద్దాంలే అని పంపించేస్తారు. పదిమంది వెళ్ళండి. నియామకం లేని మనిషి లోపలికి రాకూడదనే రూలు మార్చమని అక్కడే అర్జీ రాసివ్వండి. శుక్రవారం లోపు వెళ్ళండి. ఆ ఐదుగురూ ఇంకా కమ్మీల వెనకే ఉన్నారు.